విద్యా ప్రణాళిక మొదటి పేజీలో పిల్లవాడి భాష రాయండి

మూడో తరగతి ఒడియా డిక్టేషన్ పుస్తకం ఒకటి ముందు పెట్టుకుందాం. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న ఒడిశా ఊళ్లు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో చదివే పిల్లవాడిది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. పది మాటలు చెబితే ఐదు తప్పు రాశాడు. 'ఘర' చెబితే 'ఘొరొ' అని రాశాడు. 'ఫళ'ను 'ఫొళొ' చేశాడు, 'బహి'ని 'బొహి' చేశాడు. 'నదీ'లో దీర్ఘం ఎగరగొట్టాడు. 'యాఉఛి'లో య బదులు జ పెట్టాడు. పేజీ నిండా ఎర్ర సిరా, అడుగున ఒక మాట: 'చాలా వెనకబడి ఉన్నాడు'.

ఆ తప్పుల్ని ఒక్కొక్కటే చూడండి. ఒడియాలో హల్లు మీది అకారం పలుకులో ఒకారానికి దగ్గరగా ఉంటుంది. 'ఘర' అని రాసి ఉన్నా చెవికి వినబడేది 'ఘొరొ'. తెలుగు పిల్లవాడికి అది ఒత్వమే, కాబట్టి ఒత్వం గుర్తు పెట్టాడు. మాట్లాడే ఒడియాలో హ్రస్వ దీర్ఘాల తేడా నిలవదు. 'నదీ' అన్నప్పుడు చివర దీర్ఘం పలకరు, వినబడనిది వాడు రాయలేదు. య రాసి జ పలికే మాటలు ఒడియాలో బోలెడు. అంటే ఈ పిల్లవాడు ఐదు చోట్లా విన్నది విన్నట్టు, తెలుగు లెక్కన సరిగ్గా రాశాడు. చెవి బాగుంది, అక్షరం బాగుంది. వాడికి కావలసింది ఒడియా రాత నియమాలు రెండు మూడు, ఎవరైనా కూర్చోబెట్టి చెప్పడం.

అదే తరగతిలో ఇంకో పుస్తకం చూడండి. 'పిలామానే' అన్న మాట ఒకే పేజీలో మూడు రకాలుగా ఉంది. ఒకచోట 'పిమాలే', ఒకచోట 'పిలానే', ఒకచోట మొదటి అక్షరం తర్వాత గీతలే. నోటితో 'బడికి' అన్న తెలుగు మాటను చప్పట్లు కొడుతూ ముక్కలు చేయమంటే రెండు చప్పట్ల దగ్గర ఆగిపోతాడు. ఈ పిల్లవాడికి కష్టం రెండు భాషల్లోనూ ఉంది. ఇతని కింద కూడా అదే ఎర్ర సిరా మాట: 'చాలా వెనకబడి ఉన్నాడు'. ఇంటికి కబురు మాత్రం వేరుగా వెళ్తుంది. 'తెలుగువాళ్ల పిల్లాడు కదా, ఒడియా వచ్చాక సర్దుకుంటాడు' అంటారు. సర్దుకోడు. ఐదో తరగతికి వచ్చేసరికి బడి మానేస్తాడు.

బరంపురం నుంచి జయపురం దాకా ఈ సరిహద్దు పొడవునా ప్రత్యేక అవసరాల పిల్లలకు రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళికలు, అందరూ ఐఈపీ అనే కాగితాలు, ఈ రెండు పుస్తకాల తేడా చూడకుండా తయారవుతున్నాయి. మా వాదన ఒక్కటే. ఐఈపీ ఫారం మొదటి పేజీలో, పేరు, పుట్టిన తేదీ, వైకల్యం గడుల కంటే ముందు, పిల్లవాడి ఇంటిభాష రాయాలి. పరీక్ష ఆ భాషలో జరగాలి. ఆ తర్వాతే మిగతా పేజీలు నింపాలి.

ఇది మేము కొత్తగా కోరుతున్నది కూడా కాదు. ఐఈపీ అన్న పద్ధతి 1975 నాటి అమెరికా చట్టంతో ప్రచారంలోకి వచ్చింది. పిల్లవాడిని పరీక్షించేది అతని సొంత భాషలోనే ఉండాలని, అది బొత్తిగా వీలుకాకపోతే తప్ప, ఆ చట్టంలోనే ఉంది. మనం ఫారం తెచ్చుకున్నాం, ఆ షరతును అక్కడే వదిలేశాం. మన దగ్గర రాజ్యాంగంలో 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చూడమంటోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలంటోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రతి వికలాంగ విద్యార్థికీ అవసరమైన వ్యక్తిగత సాయం అందించాలని, నేర్చుకోవడంలో వైకల్యాలను తొందరగా గుర్తించాలని బడికి బాధ్యత పెట్టింది. ఒడిశా ప్రభుత్వమే 2007 నుంచి గిరిజన పిల్లలకు వాళ్ల సొంత భాషల్లో చదువు మొదలుపెట్టే పథకం నడుపుతోంది. అందులో సవర కూడా ఉంది. అంతకు వందేళ్ల ముందు పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే పాఠాలు రాసి, బళ్లు పెట్టి చెప్పించారు. ఈ ఊరికి ఈ మాట కొత్త కాదు.

తేడా కనుక్కోవడానికి ఎనిమిది వారాలు

ముందు చెవి, కన్ను. ఇది దాటవేసి రాసిన ప్రణాళికలు మేము ఎన్ని చూశామో చెప్పలేం. చెవిలో చీము కారే పిల్లలు ఈ ప్రాంతంలో చాలామంది. వర్షాకాలం నాలుగు నెలలూ సగం వినికిడితో కూర్చునే పిల్లవాడికి 'శ్రద్ధ లేదు' అని రాస్తారు. మేనరికపు సంబంధాలు ఉన్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువ, అది ఒక చెవికే ఉంటే ఇంట్లో ఎవరికీ తెలియదు. జిల్లా ఆసుపత్రిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉండే, పిల్లల లోపాలను తొందరగా గుర్తించే కేంద్రంలో (డీఈఐసీ) 18 ఏళ్ల లోపు పిల్లలకు వినికిడి, చూపు పరీక్షలకు డబ్బు కట్టక్కర్లేదు. ఆ రెండు కాగితాలు వచ్చాకే మిగతా సంగతి.

తర్వాత అమ్మతో మాట్లాడాలి. 'మీది ఏ భాష?' అని అడిగితే బడి గుమ్మంలో నిలబడి చాలామంది 'ఒడియానే మాస్టారూ' అంటారు, అదేదో తప్పు కప్పిపుచ్చుకున్నట్టు. అలా అడగకూడదు. పిల్లాడు నిద్రలో పలవరిస్తే ఏ భాష? దెబ్బ తగిలితే ఏ భాషలో ఏడుస్తాడు? అమ్మమ్మతో ఏ భాష, వీధిలో గోళీలాటలో ఏ భాష, టీవీలో ఏది చూస్తాడు? ఈ ఐదు ప్రశ్నలకు వచ్చిన జవాబులే భాష గడి. కొన్ని ఇళ్లలో మూడు భాషలు బయటపడతాయి. అమ్మ కువి, నాన్న తెలుగు, వీధి ఒడియా. మూడూ రాయాలి.

ఇప్పుడు పరీక్ష. మొదటిది నోటిది. కాకి, కుండ, గులకరాళ్ల కథ రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పి, తిరిగి చెప్పమనాలి. వరుస తప్పకుండా చెప్పాడా, కాకి రాళ్లు ఎందుకు వేసిందో చెప్పగలిగాడా, వాక్యాలు ఎంత పొడుగు వచ్చాయి. రెండు రోజుల తర్వాత అలాంటిదే ఇంకో కథ ఒడియాలో. తెలుగులో గలగలా చెప్పి ఒడియాలో నీళ్లు నమిలితే అది భాష సంగతి. రెండింటిలోనూ కథ ముక్కలైపోతే లోపల ఇంకేదో ఉంది. అసలైన భాషాలోపం ఒక్క భాషను పట్టుకుని ఉండదు, పిల్లవాడికి వచ్చిన ప్రతి భాషలోనూ కనిపిస్తుంది.

రెండోది ధ్వనుల ఆట. 'మామిడి'లో 'మా' తీసేస్తే ఏం మిగిలింది? 'చిలక'లో 'ల' తీసేస్తే? ఇలాంటివి పది. మూడో తరగతి పిల్లలకు చాలామందికి ఇది ఆటే. పదిలో నాలుగైదు దగ్గర ఆగిపోయే పిల్లవాడి పేరు పక్కన గుర్తు పెట్టుకోవాలి. దాంతోపాటు ఆవు, చెట్టు, చేప, గొడుగు, కుండ, ఐదు బొమ్మలు కలగలిపి వరుసకు పది చొప్పున ఐదు వరుసలు గీసి, 50 బొమ్మల పేర్లూ గబగబా చెప్పమనాలి. తరగతిలో మిగతా వాళ్ల కంటే బాగా ఎక్కువ సమయం పడితే రాసుకోవాలి. పేర్లు తెలియక ఆగాడా, తెలిసీ నోటికి రాక ఆగాడా అన్నది గమనించడం ముఖ్యం. అందుకే మొదట ఐదు పేర్లూ విడిగా అడిగి తెలుసని రూఢి చేసుకోవాలి.

మూడోది అన్నిటికంటే నమ్మదగ్గది, ఓపిక కావలసింది. తెలుగు అక్షరాలు ఎప్పుడూ నేర్వని పిల్లవాడికి ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు అక్షరాలు నేర్పాలి. మొదట ర, ల, క, మ, ప, గ. ఈ ఆరింటితో కల, పగ, మర, పలక, కలప, మరక వస్తాయి. అవి నిలిచాక ఇంకో ఆరు, ఆ తర్వాత ఒక్క గుణింతం గుర్తు. ప్రతి శుక్రవారం 20 మాటల కార్డులు చూపి ఎన్ని చదివాడో రాయాలి. సోమవారం ఏమీ నేర్పకముందే అవే 20 మళ్లీ చూపాలి. శుక్రవారం లెక్క కన్నా సోమవారం లెక్క ముఖ్యం. భాష తేడా వల్ల మాత్రమే వెనకబడ్డ పిల్లవాడు సొంత భాషలోకి వచ్చేసరికి అల్లుకుపోతాడు. శుక్రవారం 14 అయితే సోమవారం 13 ఉంటుంది. చదువులో వైకల్యం ఉన్న పిల్లవాడికి శుక్రవారం 12 వస్తుంది, సోమవారానికి 4 మిగులుతుంది, వారం వారం అదే తంతు. ఆరు వారాల తర్వాత ఆ రెండు గీతలు పక్కపక్కన పెడితే వాదించాల్సిన పని ఉండదు. కాకపోతే ఒక జాగ్రత్త. 35 హల్లులకు తలకట్టుతో కలిపి పన్నెండేసి గుణింతాలు వేసుకున్నా 420 ఆకారాలు, వత్తులు వేరే. మామూలు పిల్లలకే ఇవన్నీ స్థిరపడడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. రెండో తరగతిలో థ, ధ, ద తారుమారు చేశాడని ఎవరికీ చీటీ అంటించకూడదు.

లెక్కల సంగతి ఇంకా సున్నితం. ఒడియా 2 అంకె చూడడానికి మనం రోజూ రాసే 9లా ఉంటుంది. ఒడియా 4 పైన తెరిచి ఉన్న 8లా ఉంటుంది. ఇంట్లో క్యాలెండరు, గడియారం, ఫోను అన్నీ మామూలు అంకెలు, బళ్లో పుస్తకం ఒడియా అంకెలు. వాడు 2 చూసి 9 రాస్తే అది లెక్కల లోపం కాదు. సంఖ్యల పేర్లు మరీ చిక్కు. తెలుగులో ఇరవై ఒకటి, ఇరవై రెండు అని పోతుంది, ఇరవై, ఒకటి తెలిస్తే చాలు. ఒడియాలో ఏకోఇశి, బాఇశి, తేఇశి, ఒక్కోటీ విడిగా కంఠస్థం చేయాలి. 39ని 'అణచాళిశ' అంటారు, నలభైకి ఒకటి తక్కువ అని. 'చాళిశ' వినబడగానే పిల్లవాడు నలభైల్లోకి వెళ్లిపోతాడు. అందుకని నోటి లెక్కల పరీక్ష పెట్టేముందు 39 చింతపిక్కలు చేతిలో పోయండి. పదులుగా కుప్పలు పెట్టి, మూడు కుప్పలు, తొమ్మిది విడి, 'ముప్ఫై తొమ్మిది' అన్నాడా? అయితే వాడికి సంఖ్య తెలుసు, దాని ఒడియా పేరు తెలియదు. పిక్కలతో కూడా పదుల కుప్ప ఎందుకో పట్టుకోలేకపోతే అప్పుడు లెక్కల లోపం గురించి ఆలోచించాలి.

బుద్ధి పరీక్షల సంగతి ఇక్కడే చెప్పాలి. మాటలతో నడిచే ఐక్యూ పరీక్షను రాని భాషలో పెడితే వచ్చే అంకె భాష కొలతే. మాటలు అక్కర్లేని రేవెన్స్ కలర్డ్ మాట్రిసెస్ వంటివి ఉన్నాయి. 36 బొమ్మలు, ఖాళీలో ఏ ముక్క పడుతుందో వేలు పెట్టి చూపడమే. బరంపురం వెళ్లి మెడికల్ కాలేజీలో మనస్తత్వ నిపుణుల ముందు కూర్చున్నప్పుడు తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి మాట 'ఏ భాషలో పరీక్షిస్తారండీ?' అని. తెలుగు వచ్చినవాళ్లు ఉన్న రోజు రమ్మన్నా సరే, ఇంకోసారి వెళ్లడం మంచిది. సికింద్రాబాదులో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో తెలుగులోనే చూస్తారు, దూరమైనా చిక్కు కేసులకు ఆ ప్రయాణం దండగ కాదు.

ఈ ఎనిమిది వారాల పనికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. నేర్చుకోవడంలో వైకల్యానికి 8 ఏళ్లు నిండేదాకా ధ్రువపత్రం ఇవ్వరు. అందాకా ఆగుదాం అనేవాళ్లు రెండేళ్లు పోగొడతారు. పాఠం చెప్పే తీరు మార్చడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన, వైకల్యాలను ముందుగా పసిగట్టే ప్రశస్త్ యాప్‌లో మొదటి భాగం మామూలు టీచరే నింపవచ్చు. దాంట్లో 'సూచనలు అర్థం చేసుకోలేడు' లాంటి గడి దగ్గర టిక్కు పెట్టేముందు ఆ సూచన తెలుగులో చెప్పి చూశారా అన్నది మాత్రం యాప్ అడగదు. టీచరే తనను తాను అడగాలి.

లక్ష్యం రాయడం

ఎక్కువ ప్రణాళికల్లో లక్ష్యం ఇలా ఉంటుంది: 'చదవడం, రాయడం మెరుగుపరచాలి.' ఇది కోరిక. దీన్ని ఎప్పుడు కొలుస్తారు, ఎలా కొలుస్తారు, అయిందని ఎవరు చెబుతారు? రాయాల్సిన తీరు ఇది: 'నవంబరు 30 నాటికి, తెలుగు గుడి, కొమ్ము గుర్తులున్న రెండు మూడు అక్షరాల మాటలు 20 కార్డుల మీద చూపితే, సాయం లేకుండా 16 చదవాలి, వరుసగా మూడు రోజులు. ఇప్పుడు చదువుతున్నవి 5. నేర్పేది తరగతి టీచరు, రోజుకు 15 నిమిషాలు, ప్రార్థన అయిన వెంటనే. కొలిచేది శుక్రవారం.' ఇందులో ఒక్క ముక్క తీసేసినా మిగతాది కూలిపోతుంది. మరీ ముఖ్యంగా 'ఇప్పుడు 5' అన్నది. ఆ అంకె లేకపోతే మార్చిలో కూర్చున్నప్పుడు పిల్లవాడు ముందుకు వచ్చాడో లేదో ఎవరికీ తెలియదు. ఒక్కరోజు చూసి ఆ అంకె వేయకూడదు. జ్వరం రోజు కావచ్చు, అన్నం తినని రోజు కావచ్చు. మూడు వేర్వేరు రోజులు చూసి నడిమి అంకె వేయాలి.

భాషకు వేరే గడి, లోపానికి వేరే గడి ఉండాలని మేము గట్టిగా అంటాం. మన రెండో పుస్తకం పిల్లవాడికి ధ్వనుల పని తెలుగులో జరగాలి. ఒడియా అక్షరాలు ఆ తర్వాత, తెలుగులో నిలిచిన వాటి మీదుగా ఎక్కించాలి. రెండు లిపులూ ఒకే వారంలో మొదలుపెడితే రెండూ కలిసిపోతాయి. ఒడియాలో ఉ, డ, భ చూపుకు చాలా దగ్గర. ఆ మూడింటినీ ఒకే రోజు నేర్పకూడదు. ఒకటి నేర్పి, రెండు వారాలు ఆగి, అది స్థిరపడ్డాక రెండోది. మొదటి పుస్తకం పిల్లవాడికి అసలు వైకల్యం గడి ఖాళీగా వదిలేయాలి. వాడికి కావలసింది ఒడియా పలుకుకీ రాతకీ తేడా చూపే ఆరేడు పాఠాలు. వాడిని సర్వేలో వైకల్యం ఉన్న పిల్లల లెక్కలో వేసేస్తే ఆ చీటీ పదో తరగతి దాకా వదలదు.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు లక్ష్యాలు బతుకు నుంచి రావాలి. ఎండీపీఎస్ అని చెన్నైలో తయారైన పట్టికలో 18 రంగాలు, ఒక్కోదాంట్లో 20 చొప్పున 360 పనులు ఉంటాయి. మన దగ్గర స్పెషల్ టీచర్లు చాలామంది దాంతోనో, అలాంటిదే ఇంకో పట్టిక ఎఫ్ఏసీపీతోనో మొదలుపెడతారు. అవి మంచివే. కాని 360లోంచి ఏవి ఎంచుకోవాలో ఇల్లు చెప్పాలి. పదకొండేళ్ల అమ్మాయి ఉందనుకోండి, వారం వారం అమ్మతో సంతకు వెళ్తుంది. ఆమెకు 'పది రూపాయల నాణెం గుర్తుపట్టి, ఇచ్చి, సరుకు అందుకోవడం' మూడు నెలల లక్ష్యం. దాన్ని ముక్కలు చేయాలి. చేతిలో ఉన్న నాణేల్లోంచి పదిది తీయడం, దుకాణదారుకి చూపడం, కావలసింది చెప్పడం, నాణెం ఇవ్వడం, సరుకు తీసుకోవడం, సంచిలో వేయడం. చివరి ముక్క నుంచి నేర్పుకుంటూ వెనక్కి రావాలి. ముందు ఐదూ అమ్మ చేసి, సంచిలో వేయడం మాత్రం అమ్మాయి. పని పూర్తయిన సంతోషం మొదటి రోజే ఆమెకు దక్కుతుంది. ముందు నుంచి మొదలుపెడితే రెండో ముక్క దగ్గరే విసిగి నాణెం విసిరేస్తుంది. ప్రతి ముక్క పక్కన చేయి పట్టుకుని చేయించామా, సైగతోనా, మాటతోనా, తనంతట తానా అని రాసుకోవాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మాటసాయంతో చేసినదాన్ని 'వచ్చింది' అని రాసేస్తారు. అమ్మ పక్కన లేనిరోజు అది రాదు. సంతలో దుకాణదారు తెలుగు మాట్లాడేవాడైతే ఆ అమ్మాయి నేర్వాల్సిన మాట తెలుగు మాటే. తరగతిలో ఒడియాలో నేర్పిన 'కేతే టంకా?' అక్కడ పనికిరాదు.

ఒక ప్రణాళికలో నాలుగైదు లక్ష్యాలు చాలు. పద్దెనిమిది రాసిన కాగితాలు చూస్తాం. వాటిలో ఒక్కటీ ఎవరూ కొలవరు. బ్లాకు నుంచి స్పెషల్ టీచరు రోజూ రాలేరు, ఒకరికి ఎన్నో బళ్లు. కాబట్టి వారు వచ్చినరోజే జరిగే పనిని లక్ష్యంగా రాస్తే ఆ పిల్లవాడికి నెలకు రెండు మూడు గంటల చదువే. స్పెషల్ టీచరు చేయాల్సింది తరగతి టీచరుకు ఆ 15 నిమిషాల పని చూపించడం, కార్డులు చేసివ్వడం, తిరిగి వచ్చినప్పుడు శుక్రవారం అంకెలు చూడడం.

డబ్బు గురించి కూడా తల్లిదండ్రులకు తెలియాలి. సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాల పిల్లలకు తలకు ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది, అమ్మాయిలకు నెలకు 200 రూపాయల స్టైపెండు ఉంది. కేటాయింపు చేతికి రాదు, పరికరాలు, సామగ్రి, శిబిరాల రూపంలో వస్తుంది. ప్రణాళికలో 'పెద్ద అక్షరాల పుస్తకం కావాలి' అని రాసి ఉంటేనే అడగడానికి ఆధారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులకు వీలు ఇచ్చింది. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనంగా ఇవ్వాలన్నది 2018 కేంద్ర మార్గదర్శకం. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. ఇవి పదో తరగతి హాలులో మొదటిసారి ఇస్తే పిల్లవాడు తెల్లబోతాడు. చెప్పి రాయించడం వేరే నైపుణ్యం. ఎనిమిదో తరగతి యూనిట్ టెస్టుల నుంచే అలవాటు చేయాలి, సహాయకుడికి ఏ భాషలో చెబుతాడో కూడా ముందే తేల్చుకోవాలి.

భాష మినహాయింపు విషయంలో సరిహద్దువాళ్లు ఒక క్షణం ఆగాలి. బరువు తగ్గించాలంటే ఏది తీస్తారు? ఐచ్ఛికంగా ఉన్న తెలుగే ముందు ఎగిరిపోతుంది. అప్పుడు డిస్లెక్సియా, అంటే చదవడంలో వైకల్యం, ఉన్న పిల్లవాడికి, తనకు బాగా అర్థమయ్యే ఒక్క భాషలో రాత పోతుంది. తీసేముందు ఆ సోమవారం లెక్కలు చూడండి, ఏ భాషలో అంకె ఎక్కువ నిలిచిందో.

మధ్యలో ఒక్కమాట. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ అనే వారసత్వ రక్తవ్యాధి ఉంది. రాయగడ, కొరాపుట్, గజపతి పక్కన ఇది తెలియని ఊరు లేదు, అయినా ఐఈపీల్లో కనబడదు. ఈ పిల్లలకు నేర్చుకోవడంలో లోపం ఉండనక్కర్లేదు, నొప్పులతో రోజులు పోతాయి. వాళ్ల ప్రణాళిక అర పేజీ. బల్ల మీద నీళ్ల సీసా, ఎప్పుడడిగినా మరుగుదొడ్డికి అనుమతి, చలిలో, వానలో, ఎండలో ఆటల పీరియడు మినహాయింపు, జ్వరం వస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి, పోయిన పాఠాలు ఎవరి నోట్సులోంచి ఎప్పుడు అందుతాయో పేరు, రోజు.

'ఇంట్లో తెలుగు మానేయండి'

మాటలు ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ సలహా ఇస్తారు. ఒక్క భాషే ఉంచండి, బడిభాషే ఉంచండి అని. మంచి మనసుతోనే చెబుతారు, కాని ఇది తప్పు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషల ఇళ్లలో పెరిగినంత మాత్రాన వెనకబడరు. సలహా పాటిస్తే ఏమవుతుందో చూడండి. అమ్మకు వచ్చిన ఒడియా సంత ఒడియా. ఆ నాలుగు ముక్కల్లోనే పిల్లవాడితో మాట్లాడుతుంది, జోలపాట ఆగిపోతుంది, అమ్మమ్మ మూగదైపోతుంది. రోజంతా వినాల్సిన వేల మాటలు వందల్లోకి పడిపోతాయి. మాట రావాల్సిన పిల్లవాడికి మాటల కరువు తెచ్చిపెట్టినట్టు.

రెండేళ్ల పిల్లకు 50 మాటలు రాకపోయినా, రెండు మాటలు కలిపి 'పాలు కావాలి' లాంటిది అనకపోయినా నిపుణులకు చూపించాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఆ 50 లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలూ కలపాలి. నీళ్లను 'నీళ్లు' అని, చేపను 'మాఛ' అని, అన్నాన్ని 'బువ్వ' అని అంటుంది. ఒడియా పట్టికతో చూస్తే ఒక్కటి, తెలుగు పట్టికతో చూస్తే రెండు, నిజానికి మూడు. ఇంట్లో తలుపు వెనక ఒక కాగితం అంటించి, పిల్ల కొత్తగా అన్న ప్రతి మాటా ఏ భాషదైనా రాసుకుంటూ పోతే రెండు వారాల్లో నిపుణుల ముందు పెట్టదగ్గ ఆధారం తయారవుతుంది. ప్రణాళికలో మాటల లక్ష్యాలు ఆ కాగితంలోంచి రావాలి, అమ్మ భాషలోనే మొదలవ్వాలి.

చురుకైన పిల్లలకు కూడా ప్రణాళిక కావాలి

అమెరికా చట్టంలో ఐఈపీ వైకల్యం ఉన్న పిల్లలకే. మన 2020 జాతీయ విద్యావిధానం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకు తోడ్పాటు ఇవ్వాలని అంటుంది, కాని దానికి ఫారం, గడి, గడువు ఏవీ బడిదాకా రాలేదు. సరిహద్దులో ప్రతిభ ఇంకో విధంగా కూడా మరుగున పడుతుంది. ఒడియాలో చేయెత్తని పిల్లను ఎవరూ చురుకైనదనుకోరు. తరగతిలో మౌనంగా ఉన్న అమ్మాయే సంతలో అమ్మకు ఒడియా, నాన్నకు తెలుగు, పక్క కొండల నుంచి వచ్చిన బేరగత్తెకు కువి మాట్లాడి, మూడు వైపులా చిల్లర లెక్క సరిచూస్తుంది. ఆ మూడు భాషల చిల్లర లెక్కే ప్రతిభకు ఆధారం, ఐఈపీలో రాయదగ్గది.

ఇలాంటి పిల్లలకు చేయదగ్గ మొదటి పని పాఠం కుదించడం. కొత్త అధ్యాయం మొదలుపెట్టే ముందే, చివరి అభ్యాసంలోని పది లెక్కలు ఇవ్వాలి. తొమ్మిది సరిగ్గా చేస్తే ఆ అధ్యాయం ఆ పిల్లకు అక్కర్లేదు, తప్పిన ఆ ఒక్క అంశం మాత్రం చెప్పాలి. మిగిలిన పీరియడ్లలో ఏం చేస్తుందో ముందే కాగితం మీద ఉండాలి. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. తొందరగా ముగించిన పిల్లకు అవే లెక్కలు ఇంకో ఇరవై ఇస్తారు, లేదా వెనకబడ్డ పిల్లలకు చెప్పమని కూర్చోబెడతారు. మొదటిది శిక్ష, రెండోది టీచరు పని. ఆ పిల్లకు కావలసింది లోతు. వంశధారలో వర్షాకాలం నీటిమట్టం వారం వారం కొలిచి గీత గీయడం, ఒకే మాటకు తెలుగు, ఒడియా, సవర రూపాలు పోగుచేసి పోల్చడం, పై తరగతి గణితం. ఒక్కో పనికి నాలుగు వారాల గడువు, చివర చూపించాల్సిన వస్తువు ఒకటి.

పోటీపరీక్షలు కూడా ప్రణాళికలో రాయాలి, తేదీలతో. నవోదయ ఆరో తరగతి ప్రవేశపరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు బొమ్మల తర్కానివే, భాష తక్కువ అవసరం. మౌనంగా ఉండే తెలుగు పిల్లకు ఇది మంచి అవకాశం. చిక్కు రెండు చోట్ల. దరఖాస్తులో పరీక్ష భాష ఎంచుకునే గడి ఆలోచించకుండా నింపేస్తారు. చదవడంలో ఏ భాషలో వేగం ఎక్కువో కొలిచి, ఆ ఏడాది ప్రకటనలో ఏ భాషలు ఉన్నాయో చూసి ఎంచుకోవాలి. రెండోది ఇంకా బాధ కలిగించేది. ఐదో తరగతి చదివే జిల్లా, నివసించే జిల్లా, దరఖాస్తు చేసే జిల్లా ఒకటే అయి ఉండాలి. పర్లాకిమిడిలో ఇల్లు, తెలుగు చదువు కోసం ఆంధ్ర వైపు పాతపట్నంలో బడి అయితే ఆ పిల్ల ఎటూ కాకుండా పోతుంది. ఈ సంగతి నాలుగో తరగతిలోనే మాట్లాడుకోవాలి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. 90 ప్రశ్నల చొప్పున రెండు పత్రాలు, ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు.

ప్రతిభ, లోపం రెండూ ఉన్న పిల్లలు అన్నిటికంటే ఎక్కువ నష్టపోతారు. నోటితో ఏడో తరగతి లెక్క చేసి, రాతలో మూడో తరగతి దాటని పిల్లవాడు సగటు మార్కులు తెచ్చుకుంటాడు. ప్రతిభ లోపాన్ని కప్పుతుంది, లోపం ప్రతిభను కప్పుతుంది. అలాంటి పిల్లవాడి ప్రణాళికలో రెండు భాగాలూ పక్కపక్కన ఉండాలి. నోటి పరీక్షతో పై తరగతి గణితం ఒకవైపు, రోజూ 15 నిమిషాల అక్షరాల పని ఇంకోవైపు. రాత వచ్చాకే గణితం అంటే రెండూ పోతాయి.

సంతకం, ప్రయాణం

జూన్‌లో బడి తెరిచాక మూడు వారాల్లోపు ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి కూర్చోవాలి. తరగతి టీచరు, హెడ్మాస్టరు, స్పెషల్ టీచరు, అమ్మానాన్నల్లో ఒకరైనా. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన పెద్ద మనిషి ఒకరు ఉండాలి. పిల్లవాడి అక్కను దుబాసీగా కూర్చోబెట్టకూడదు. తమ్ముడి లోపం గురించి టీచరు అన్న మాటను పన్నెండేళ్ల పిల్ల అమ్మకు ఎలా చెబుతుంది? సగం మింగేస్తుంది. ఒడియా చదవడం రాని అమ్మ చేత ఒడియా కాగితం మీద సంతకం పెట్టించడం ఆమె ఒప్పుకున్నట్టు కాదు. నాలుగు లక్ష్యాలు, ఇంట్లో చేయాల్సింది, తర్వాత కూర్చునే తేదీ, ఈ మూడూ ఒక్క పేజీలో తెలుగులో రాసి ఆమె చేతికి ఇవ్వాలి. సమావేశంలో మొదటి ప్రశ్న అమ్మదే కావాలి: 'ఇంట్లో ఏం చేయగలడమ్మా?' అని. 'మేకల్ని లెక్కపెట్టి దొడ్లో వేస్తాడండి, ఒక్కటి తగ్గినా చెబుతాడు' అంటుంది ఆవిడ. బళ్లో సంఖ్యలు రావని రాసి ఉన్న పిల్లవాడే.

ఇక ఈ కుటుంబాలు కదులుతుంటాయి. పనికోసం పార్వతీపురం వైపో, విశాఖ వైపో, తిరిగి ఇటో. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది, ఐఈపీ మాత్రం బీరువాలోనే ఉండిపోతుంది. ఆంధ్ర వైపు చేరితే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో తెలుగు సామగ్రి దొరుకుతుంది, కాని అక్కడి టీచరు మళ్లీ మొదటి నుంచి పరీక్షలు మొదలుపెడతారు, ఇంకో ఏడాది పోతుంది. అందుకని టీసీతో పాటు ఒక ప్లాస్టిక్ సంచిలో ఇవి పెట్టి అమ్మ చేతికే ఇవ్వండి: వినికిడి, చూపు కాగితాలు, యూడీఐడీ నకలు, తెలుగు పేజీ, శుక్రవారం, సోమవారం అంకెల పట్టిక. దాని వెనక మూడు వరుసలు చేత్తో రాయండి. ఏ అక్షరం దాకా వచ్చాడు, ఏ పద్ధతికి కుదురుగా కూర్చుంటాడు, దేనికి బెదురుతాడు. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.